రాత్రి మంచం దిగే ముందు

వృద్ధాశ్రమంలో ఉన్న పెద్దవాళ్లను చూడడానికి వెళ్తే, పళ్లు చేతికిచ్చాక వాళ్ల చెప్పులు జారి పడేలా ఉన్నాయేమో ఒకసారి తిరగేసి చూడండి. మా అమ్మమ్మ హవాయి చెప్పులు మడమ దగ్గర అద్దంలా నున్నగా అరిగిపోయి ఉన్నాయి. వెంటనే వెనక పట్టీ, గరుకు అడుగు ఉన్నవి కొనిచ్చాను.

రాత్రి బాత్రూమ్‌కి లేచేటప్పుడు మరీ జాగ్రత్త. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు చటుక్కున నిలబడితే బీపీ పడిపోయి కళ్లు తిరగొచ్చు. మంచం అంచున కాళ్లు కిందికి వేసి ఒకటి రెండు నిమిషాలు కూర్చుని, పాదాలు పైకీ కిందికీ ఆడించి, అప్పుడు లేవమనండి. కళ్లజోడు, పిలుపు గంట చేతికందేలా ఉండాలి. బాత్రూమ్ దాకా చిన్న లైటు వెలుగుతూ ఉండాలి.

ఇంకొకటి, ఎప్పుడైనా కింద పడినా, మనకు టెన్షన్ ఎందుకని పెద్దవాళ్లు చాలామంది చెప్పరు. మీరే మెల్లగా అడగండి.