హైదరాబాద్ నుంచి దుబాయ్ ఎంత దూరం, ఎంతసేపు: లెక్క మీరే వేసుకోండి

దుబాయ్‌కి ఎంతసేపు పడుతుందని అడిగితే ఒకరు రెండుంపావు గంటలంటారు, ఇంకొకరు దాదాపు నాలుగంటారు. ఇద్దరూ టికెట్ చూసే చెప్తున్నారు, తేడా ఎక్కడొచ్చిందో కింద చెప్తాను.

ముందు దూరం. గ్రేట్ సర్కిల్ మ్యాపర్ లాంటి సైట్‌లో ఊరి పేరు కాకుండా ఎయిర్‌పోర్ట్ కోడ్ కొట్టండి. శంషాబాద్‌కి హెచ్‌వైడీ, దుబాయ్‌కి డీఎక్స్‌బీ. ఎందుకంటే పాకిస్తాన్‌లోనూ ఒక హైదరాబాద్ ఉంది (దాని కోడ్ హెచ్‌డీడీ), దుబాయ్‌లోనేమో అల్ మక్తూమ్ అని రెండో ఎయిర్‌పోర్ట్ ఉంది. దూరం దాదాపు 2,550 కిలోమీటర్లు వస్తుంది. నాటికల్ మైళ్లలో చూపిస్తే 1.852తో గుణించండి. ఇది గాల్లో అతి దగ్గరి దారి మాత్రమే, విమానం అచ్చంగా ఆ గీత మీదే పోదు కాబట్టి కాస్త ఎక్కువే తిరుగుతుంది. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ మన విమానాలకు గగనతలం మూసేసినప్పుడు ఢిల్లీ నుంచి పడమరకు పోయే చాలా విమానాలు చుట్టు తిరగాల్సి వచ్చింది, మనది అరేబియా సముద్రం మీదుగా పోయే దారి కాబట్టి ఆ బాధ పెద్దగా లేదు.

ఇక టైమ్. విమానం గంటకు సుమారు 800 కిలోమీటర్లు పోతుందనుకుని దూరాన్ని 800తో భాగించి, విమానం రన్‌వే దాకా పోవడానికి, పైకి ఎక్కడానికి, దిగడానికి ఒక 40 నిమిషాలు కలపండి. 2,550 కిలోమీటర్లకి మూడు గంటల పది నిమిషాలు, ప్లస్ 40, అంటే సుమారు 3 గంటల 50 నిమిషాలు. చిన్న ఏటీఆర్ విమానాలకి ఈ లెక్క పనికిరాదు, అవి బాగా నెమ్మది. తిరిగొచ్చేటప్పుడు, ముఖ్యంగా చలికాలంలో, పడమటి గాలి వెనక నుంచి తోస్తుంది కాబట్టి ఇంచుమించు మూడున్నర గంటల్లోనే దిగిపోవచ్చు.

అసలు తికమకంతా టికెట్ మీదే. అందులో ఉండేవి ఏ ఊరి టైమ్ ఆ ఊరిదే, దుబాయ్ మనకంటే గంటన్నర వెనక. ఉదయం 10:00కి బయల్దేరి 12:20కి దిగుతుందని ఉంటే రెండు గంటల ఇరవై నిమిషాలు అనుకోకండి, దానికి గంటన్నర కలపాలి. వచ్చేటప్పుడు తీసేయాలి. అమెరికా టికెట్ అయితే అక్కడ మార్చిలో, నవంబర్‌లో గడియారం గంట మారుతుంది, ప్రయాణం రోజు తేడా ఎంతో చూసుకుని లెక్కేయండి.

ఇంటి నుంచి లెక్కేసేవాళ్లకి ఇంకో మాట: ఇంటర్నేషనల్‌కి మూడు గంటల ముందు ఎయిర్‌పోర్ట్‌లో ఉండాలి. కరీంనగర్ నుంచి బయల్దేరితే శంషాబాద్ దాకా కారులోనే నాలుగు గంటలైనా పడుతుంది, సిటీ ట్రాఫిక్‌లో చిక్కుకోకుండా ఔటర్ రింగ్ రోడ్ ఎక్కేయడం మేలు.