సినిమా కథనాన్ని స్టడీ చేయడం ఎలా? ఎవరికి ఏం తెలుసో రాసుకోండి

సినిమా చూసొచ్చి "స్క్రీన్‌ప్లే అదిరింది" అనేస్తాం. ఎక్కడ అదిరిందో చెప్పమంటే మాత్రం కథ చెప్పడం మొదలుపెడతాం. కథ వేరు, దాన్ని మనకి చెప్పిన వరుస, అంటే కథనం, వేరు, పట్టుకోవాల్సింది ఆ రెండోదాన్ని.

ఇప్పటికే చూసేసిన, బాగా నచ్చిన సినిమా ఒకటి తీసుకోండి. కొత్తది వద్దు, తర్వాత ఏమవుతుందో అన్న ఆత్రంలో ఏదీ గమనించలేం. సీన్ అయిన ప్రతిసారీ ఆపి, ఇందులో ఏం మారిందో ఒక్క వాక్యంలో రాయండి. ఏమీ మారకపోతే ఆ సీన్ ఎందుకుందో రాయండి (నవ్వించడానికో, కాస్త ఊపిరి తీసుకోనివ్వడానికో, ఒక్కోసారి నిజంగానే దండగ). విసుగొచ్చే పనే, మొదటి అరగంట వరకు చేసినా చాలు.

ఇప్పుడు అసలు పని. ప్రతి సీన్ పక్కన ఇంకో గడి గీసి, ఈ విషయం ఎవరికి తెలుసో రాయండి: హీరోకా, విలన్‌కా, మనకా. నన్నడిగితే కథనంలో ముప్పాతిక వంతు ఇదే. సస్పెన్స్ సినిమాల దర్శకుడు హిచ్‌కాక్ చెప్పిన బాంబు ఉదాహరణ చాలామంది వినే ఉంటారు. ఇద్దరు టేబుల్ దగ్గర కూర్చుని ఏవో కబుర్లు చెప్పుకుంటుంటే ఉన్నట్టుండి బాంబు పేలిందనుకోండి, ఒక్కసారి ఉలిక్కిపడతాం, అంతే. అదే బాంబు టేబుల్ కింద ఉందని మనకి ముందే చూపించి, అవే కబుర్లు సాగనిస్తే, ఆ పనికిమాలిన మాటలే మనకి టెన్షన్ పెట్టేస్తాయి. డైలాగ్ ఒక్కటీ మారలేదు, మనకి తెలిసింది మారింది.

అలాగని మనకి తెలిసి పాత్రలకి తెలియని ప్రతిచోటా సస్పెన్సే పుట్టాలని లేదు. 'మాయాబజార్' (1957) లో శశిరేఖ రూపంలో ఉన్నది ఘటోత్కచుడని మనకి తెలుసు, పెళ్లికొడుకు లక్ష్మణకుమారుడికి తెలియదు, అక్కడ పుట్టేది నవ్వు. తేడా ఎక్కడొచ్చిందంటే, ప్రమాదం మనం ఇష్టపడే మనిషికా, ఎదుటివాడికా అన్నదాంట్లో. కాబట్టి గడిలో అది కూడా రాసుకోండి. ఇంకో సంగతి, పాండవుల బంధువుల కథే అయినా ఆ సినిమాలో పాండవులు ఎక్కడా కనిపించరు. చూపించకుండా వదిలేసినవి కూడా లెక్కలోకి తీసుకోవాలి, చాలామంది వీటి జోలికే పోరు.

ఫ్లాష్‌బ్యాక్‌లున్న సినిమా అయితే సంఘటనలన్నీ చిన్న చీటీల మీద రాసి, జరిగిన వరుసలో ఒకసారి, సినిమా చూపించిన వరుసలో ఒకసారి పేర్చండి. ఏ చీటీ ఎంత ఆలస్యంగా బయటికొచ్చిందో చూస్తే దర్శకుడు ఏది దాచాడో తెలిసిపోతుంది. తర్వాత, ఆ ఫ్లాష్‌బ్యాక్ ఎవరు చెబుతున్నారు, వాళ్లకి అబద్ధం చెప్పే అవసరం ఉందా అని అడగండి. జపాన్ దర్శకుడు కురొసావా తీసిన 'రషోమన్' (1950) మొత్తం నిలబడింది ఈ ప్రశ్న మీదే, ఒకే ఘటనని నలుగురు నాలుగు రకాలుగా చెబుతారు.

సౌండ్ ఆపేసి ఒక సీన్ చూడటం కూడా పనికొస్తుంది. మాటల్లేకుండా ఎంత అర్థమవుతోందో, కేవలం డైలాగ్ మీద బతుకుతున్నది ఎంతో తేలిపోతుంది.

ఇవన్నీ అయ్యాక ఒక సీన్ తీసుకుని, గడుల్లో ఒకే ఒక్కటి మార్చి మీరే తిరగరాయండి. హీరోకి తెలియని విషయం తెలిసిపోయినట్టో, మనకి ముందే చూపించింది దాచేసినట్టో. ఆ తర్వాతి సీన్లలో ఏవి కూలిపోతాయో, ఏవి చెక్కుచెదరకుండా ఉంటాయో గుర్తు పెట్టండి, కూలినవాటి దగ్గరికి మళ్లీ వెళ్లి చూడండి.