జామాయిలా, సుబాబులా, సరుగుడా? ముందు గుంట తవ్వి చూడండి

పక్క ఊళ్ళో జామాయిల్ బాగా వచ్చిందని మొక్కలకి అడ్వాన్సు ఇచ్చేముందు గడ్డపార తీసుకుని పొలానికి వెళ్ళండి. మెరకన ఒకటి, మధ్యలో ఒకటి, పల్లంలో ఒకటి, మూడడుగుల లోతు గుంటలు తవ్వాలి, ఎందుకంటే ఒకే పొలంలో కూడా నేల ఒకలా ఉండదు, పైన మంచి మట్టే కనిపించినా రెండడుగుల కింద సుద్ద తగలొచ్చు. ప్రతి అడుగు లోతుకీ ఒక మట్టి పెళ్ల తీసి బాత్రూమ్ కడిగే యాసిడ్ రెండు చుక్కలు వెయ్యండి (చేతికి తగలనివ్వకండి). బుసబుసా పొంగితే సున్నం ఉన్నట్టే. తర్వాత గుంట నిండా నీళ్ళు పోసి మర్నాడు వచ్చి చూడండి.

పొంగు లేదు, నీళ్ళు ఇంకాయి, ఎర్ర గరప నేలో, ఇసుక పాలున్న చల్కా నేలో అయితే జామాయిల్ క్లోన్లు (ఎంచుకున్న ఒక మంచి చెట్టు కొమ్మల నుంచి పెంచిన మొక్కలు) వేసుకోవచ్చు. విత్తనం మొక్కలు మాత్రం వద్దు, ఒకటి లావెక్కితే పక్కది పుల్లలా మిగులుతుంది. ఎర్ర నేలకి పనికొచ్చే క్లోన్ చౌడుకి పనికిరాకపోవచ్చు, కాబట్టి క్లోన్ నంబరు అడిగి బిల్లు మీద రాయించుకోండి. తోటంతా ఒకే నంబరు కూడా పెట్టకండి, చిగుళ్ళకి బుడిపెలు కట్టించే గాల్ కందిరీగ కొన్ని క్లోన్లనే ఎక్కువ పట్టుకుంటుంది.

నేను చేసిన తప్పు చెప్తాను. పొంగిన నేలలోనే జామాయిల్ పెట్టాను. రెండో ఏడు ఆకులు పసుపెక్కాయి, ఈనెలు మాత్రం పచ్చగానే ఉన్నాయి. సున్నం వల్ల ఇనుము అందక అలా అవుతుంది. ఇనుము ఉండే అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) పిచికారీ చేస్తే కొన్నాళ్ళు పచ్చబడేది, కొత్త చిగురు మళ్ళీ పసుపే. చివరికి పీకేసి సుబాబుల్ వేశాను.

సున్నం ఉన్న లోతైన నల్లరేగడికి సుబాబులే సరి, నందిగామ వైపు రైతులకి ఇది కొత్త సంగతేం కాదు. విత్తనాన్ని పొయ్యి మీంచి దించి కాస్త చల్లారిన వేడినీళ్ళలో రెండు మూడు నిమిషాలు ఉంచి, రాత్రంతా మామూలు నీళ్ళలో నానబెట్టండి, లేకపోతే పెంకు గట్టిదై సరిగా మొలవదు. కాయ రాలి పక్క చేలో మొలిచి తగువులవుతాయి, అది మాత్రం ముందే తెలిసి ఉండాలి.

సముద్రం దగ్గరి ఇసుకలో సరుగుడు. మామూలు రకం నరికాక మొద్దు సరిగా చిగురించదు, మళ్ళీ నాటుకోవాల్సిందే. జుంగునియానా రకమైతే చిగురిస్తుంది, ఎండనీ బాగా తట్టుకుంటుంది.

నీళ్ళు మర్నాటికీ నిలిచిన పల్లంలో ఈ మూడింట్లో ఏదీ నేనైతే పెట్టను. మా దాంట్లో అలాంటి అరెకరంలో ఉన్న నల్లతుమ్మలే ఉంచేశాను, కాయలు రాలే రోజుల్లో మేకలవాళ్ళు వచ్చి ఏరుకుపోతారు.