కొత్త పాస్టరు పుస్తకాల అర: ఏది ముందు, ఏది తర్వాత

బైబిల్ కళాశాల ముగించి మొదటి సంఘానికి వచ్చిన యువ పాస్టర్లు నన్ను తరచు అడిగేది ఒకటే: "అయ్యగారూ, మంచి ప్రసంగాల పుస్తకం ఏదైనా చెప్పండి." చెప్పను. అచ్చువేసిన ప్రసంగాల సంపుటాలు కన్వెన్షన్లలో బల్లల మీద గుట్టలుగా ఉంటాయి, వాటికి నా సిఫారసు అక్కరలేదు. వాటితో ఆదివారం గడిచిపోతుంది. సోమవారం ఉదయం ఒక సోదరి తాగుబోతు భర్త పెట్టే బాధలు చెప్పుకోవడానికి వాకిట్లో నిలబడితే ఆ పుస్తకంలో ఏ పేజీ తీస్తారు? అందుకే నా వరస వేరు. మనుషులను చూడడం నేర్పే పుస్తకాలు ముందు, మాట్లాడడం నేర్పేవి తర్వాత. వేదాంత గ్రంథాలు, అంటే క్రైస్తవ సిద్ధాంతం చెప్పేవి, ఈ రెండింటి పక్కనే నెమ్మదిగా నడవాలి.

డబ్బు లేదనకండి. నేను చెప్పే పాత పుస్తకాలలో గ్రెగొరీ, బాక్స్టర్, కాల్విన్ రచనలు క్రిస్టియన్ క్లాసిక్స్ ఇథీరియల్ లైబ్రరీ అనే వెబ్‌సైటులో ఇంగ్లీషులో ఉచితంగా దొరుకుతాయి. ఇంగ్లీషు భయమైతే రోజుకు రెండు పేజీలు చాలు. చదివిన వెంటనే పుస్తకం మూసి, దాని సారాన్ని నాలుగు తెలుగు వాక్యాల్లో నోటు పుస్తకంలో రాయండి. రాయలేకపోతే అర్థం కాలేదన్నమాట, మళ్లీ చదవండి. మా ఊళ్లో అమ్మమ్మలకు అర్థమయ్యే తెలుగులో రాయాలి సుమా, సెమినరీ తెలుగులో కాదు.

మొదలు బైబిలుతోనే. తిమోతికి పౌలు రాసిన రెండు పత్రికలు, అంటే ఉత్తరాలు, తీతు పత్రిక ఒకే విడతలో బిగ్గరగా చదవండి, గంట కూడా పట్టదు. పౌలు చేయమన్నవాటి కింద ఒక రంగు గీత, మానుకోమన్నవాటి కింద మరో రంగు గీత గీయండి. తర్వాత యెహెజ్కేలు 34, అపొస్తలుల కార్యములు 20లో ఎఫెసు పెద్దలతో పౌలు మాటలు. ఈ రెండు అధ్యాయాలను చేత్తో రాసుకోమని చెబుతాను. చేతిరాతలో చూపు పరుగెత్తదు.

ఆ తర్వాత నా మొదటి పుస్తకం అందరికీ ఆశ్చర్యం కలిగిస్తుంది: మహా గ్రెగొరీ రాసిన "పాస్టరల్ రూల్". "ఆయన పోపు కదా?" అంటారు మనవాళ్లు. అవును, 590లో రోమా బిషప్పు అయినవాడు. ఆ భారం వద్దని పారిపోజూసినందుకు తోటి బిషప్పు ఒకరు మందలిస్తే, దానికి జవాబుగా రాసిన పుస్తకం ఇది. నాలుగు భాగాలు. ఎవరు ఈ పనికి తగినవారు, ఎలా బ్రతకాలి, ఎవరికి ఎలా బోధించాలి, బోధించినవాడు గర్వపడకుండా తనను తాను ఎలా చూసుకోవాలి. మీరు మూడో భాగంతో మొదలుపెట్టండి. అక్కడ మనుషులను జంటలు జంటలుగా పెట్టి, ఒకరికి చెప్పినట్టు ఇంకొకరికి చెప్పకూడదంటాడు: పేదవాడు, ధనవంతుడు, సంతోషంగా ఉన్నవాడు, దిగులుపడేవాడు, మౌని, వాచాలుడు, తిండిపోతు, ఉపవాసి. తిండిపోతును ఎవరైనా గద్దిస్తారు. కానీ ఉపవాసం ఉండేవాడికి అసహనం, గర్వం వచ్చే ప్రమాదం ఉందని హెచ్చరించడం గ్రెగొరీ గొప్పతనం. మన నలభై దినాల ఉపవాస కూడికల తర్వాత సంఘాల్లో తగవులు ఎందుకు వస్తాయో నాకు అక్కడ కొంత తెలిసింది. పెద్దమనిషిని నేరుగా గద్దిస్తే వినడు, నాతాను ప్రవక్త దావీదు రాజుకు కథ చెప్పినట్టు పక్కవాడి వ్యాజ్యంగా మొదలుపెట్టమని కూడా చెబుతాడు. సంఘ కమిటీలో భూస్వాములున్న పాస్టర్లు ఆ పేజీకి గుర్తు పెట్టుకోవాలి.

ఒక జాగ్రత్త. లేవీయకాండము 21లో యాజకుడి అంగవైకల్యాల జాబితా తీసుకుని, ముక్కు అంటే వివేచన అంటూ ఒక్కో అవయవానికీ ఒక గూఢార్థం చెబుతాడు. ఆ పద్ధతిని ప్రసంగంలోకి తేవద్దు. మనకు ఇప్పటికే ఆ జబ్బు ఎక్కువ.

రెండోది రిచర్డ్ బాక్స్టర్ 1656లో ప్రచురించిన "ది రిఫార్మ్డ్ పాస్టర్". ఇంగ్లండులోని కిడ్డర్‌మిన్‌స్టర్ ఆయన ఊరు. మన చీరాల లాంటి నేత పట్టణం. మగ్గం ముందు నిలబడి కూడా నేతగాళ్లు పుస్తకం ఎదురుగా పెట్టుకుని చదువుకోగలిగేవారని ఆయనే మరోచోట రాశాడు. అక్కడ ఎనిమిది వందలకు పైగా కుటుంబాలు. సోమ, మంగళవారాలు ఉదయం నుంచి దాదాపు రాత్రి వరకు ఆయనా, సహాయకుడూ కుటుంబాలతో ఒక్కొక్కటిగా కూర్చునేవారు. వారానికి పదిహేను, పదహారు కుటుంబాల చొప్పున ఏడాదిలో పట్టణమంతా తిరిగివచ్చే లెక్క. కొందరు పదేళ్ల ప్రసంగాలలో నేర్చుకోనిది అరగంట ముఖాముఖి మాటల్లో నేర్చుకున్నారంటాడు. మన గృహ దర్శనాలు ఎలా ఉన్నాయో చూడండి: ఒక పాట, ఒక ప్రార్థన, టీ, ఫోటో. బాక్స్టర్ చదివాక కనీసం ఒక ప్రశ్న అడిగి, జవాబు వచ్చేదాకా కూర్చోవడం మొదలుపెట్టండి. ఆయన గొంతు కటువుగా ఉంటుంది. వరుసగా చదివితే నిద్రపట్టదు, కొద్దికొద్దిగానే చదవండి.

జర్మన్ పాస్టరు డీట్రిచ్ బోన్‌హోఫర్ రాసిన "లైఫ్ టుగెదర్" చిన్న పుస్తకం. ఫింకెన్‌వాల్డేలో ఆయన నడిపిన సెమినరీని 1937లో నాజీల రహస్య పోలీసు గెస్టపో మూయించాక రాసినది, 1939లో వెలువడింది. సంఘం ఎలా ఉండాలో కల కని, ఆ కలనే ప్రేమించేవాడు ఉన్న సంఘాన్ని పాడుచేస్తాడంటాడు. వెయ్యిమంది మందిరం ప్లాను గోడకు అతికించుకుని, ముందున్న అరవైమంది పేర్లు తెలియని సేవకులకు ఈ పుస్తకం నేనే కొని ఇస్తాను.

ఇంగ్లండు ప్రసంగీకుడు స్పర్జన్ "లెక్చర్స్ టు మై స్టూడెంట్స్" మొత్తం ఇప్పుడే వద్దు. శుక్రవారం మధ్యాహ్నాలు విద్యార్థులతో మాట్లాడిన మాటలవి. సేవకుడు కుంగిపోవడం గురించిన "ది మినిస్టర్స్ ఫెయింటింగ్ ఫిట్స్" అధ్యాయం మాత్రం వెంటనే చదవండి. 1856లో ఆయన ప్రసంగిస్తుండగా లండన్ సర్రే గార్డెన్స్ హాలులో ఎవరో "మంటలు" అని అరవడంతో తొక్కిసలాట జరిగి ఏడుగురు చనిపోయారు. ఆయన వయసు అప్పటికి ఇరవై రెండు. ఆ అధ్యాయంలో దిగులుకు విశ్వాసలోపం ఒక్కటే కారణమనడు. రోగం, ఒంటరితనం, గదిలో గంటల తరబడి కూర్చోవడం, గొప్ప విజయం తర్వాత వచ్చే నీరసం అన్నీ లెక్కపెడతాడు. కొండగాలి పీల్చి రమ్మంటాడు.

మన నేల మీదివారు లేకపోతే ఈ అర విదేశీ అరగానే మిగిలిపోతుంది. వేదనాయగం శామ్యూల్ అజరయ్య తిరునల్వేలి ప్రాంతపు తమిళుడు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పుగా అభిషేకం పొంది, దోర్నకల్‌లో తెలుగువారి మధ్య 1945లో కన్నుమూసేవరకు పనిచేశారు. ఆయన ఇంగ్లీషులో రాసిన "క్రిస్టియన్ గివింగ్" దొరికితే వదలకండి. కానుకల గురించి టీవీలో వినే మాటలు చెవుల్లోంచి పోవడానికి మంచి మందు అది.

వేదాంతానికి కాల్విన్ "ఇన్‌స్టిట్యూట్స్" ఉంది. 1536లో ఆరు అధ్యాయాలుగా మొదలై 1559 నాటికి ఎనభై అధ్యాయాలకు పెరిగిన గ్రంథం. మొదటి పేజీ నుంచి పట్టుదలగా ఎక్కబోయినవారు చాలామంది మధ్యలో ఆగిపోయారు. మూడో పుస్తకంలో ప్రార్థన గురించిన ఇరవయ్యో అధ్యాయంతో మొదలుపెట్టండి. అది నచ్చితే అదే పుస్తకంలో క్రైస్తవ జీవితం మీద ఉన్న ఆరు నుంచి పది అధ్యాయాలు. మీరు పెంతెకొస్తువారైనా, బాప్తిస్టులైనా అక్కడ పోట్లాడడానికి పెద్దగా ఏమీ దొరకదు. ఎవరు రక్షణ పొందుతారో దేవుడు ముందే నిర్ణయించాడనే వాదాన్ని మాత్రం సంఘంలోకి మోసుకెళ్లకండి.

బైబిలు వ్యాఖ్యానాలకు ముందు ఫీ, స్టువర్ట్ కలిసి రాసిన "హౌ టు రీడ్ ద బైబిల్ ఫర్ ఆల్ ఇట్స్ వర్త్" చదవాలి. పత్రికను పత్రికలా, కీర్తనను కీర్తనలా చదవడం అందులో నేర్చుకోవచ్చు. మాథ్యూ హెన్రీ వ్యాఖ్యానం చాలా ఇళ్లలో ఉంటుంది. ఆయన అపొస్తలుల కార్యముల వరకే రాసి 1714లో మరణించాడు. రోమా పత్రిక నుంచి ఉన్నది ఇతర సేవకులు పూర్తిచేసినది. "మాథ్యూ హెన్రీ అన్నాడు" అని రోమా పత్రిక మీద ప్రసంగించే ముందు ఇది గుర్తుంచుకోండి.

భాషకు పురుషోత్తమ చౌదరి కీర్తనలు, జాషువా "క్రీస్తు చరిత్ర". దానికి 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. బిగ్గరగా చదవండి. అనువాదపు తెలుగులో ప్రసంగించే అలవాటు కొంత వదులుతుంది.

వీటిని ఒంటరిగా చదవకుండా, మండలంలో వేరువేరు సంఘాల పాస్టర్లు ముగ్గురు నలుగురు కలవండి. నెలకు ఒక అధ్యాయం, అందరూ చదివి రావాలి. చదవనివారు ఆ రోజు వినాలి తప్ప మాట్లాడకూడదు. మొదటి కూడికకు బాక్స్టర్‌ను పెట్టకండి, రెండో నెల ఎవరూ రారు. స్పర్జన్ కుంగుబాటు అధ్యాయం పెట్టండి. టీ చల్లారేలోపు ఎవరో ఒకరు తన సంగతి చెప్పడం మొదలుపెడతారు. అప్పుడు పుస్తకం పక్కన పెట్టేయండి, మిగిలిన పేజీలు వచ్చే నెల చూసుకోవచ్చు.