హోండా సివిక్ కారు ముందు బ్రేక్ డిస్కులు ఇంట్లో మార్చుకునేవాళ్ళకి, హబ్ మీద తుప్పు మాత్రం వదలకండి

హైవే మీద బ్రేక్ నొక్కితే స్టీరింగ్ గడగడా వణుకుతుంటే అందరూ డిస్క్ వంగిపోయింది అంటారు కానీ నిజంగా వంగడం చాలా తక్కువ, ఎక్కువసార్లు డిస్క్ ఒకచోట మందంగా ఒకచోట పల్చగా అరిగి ఉంటుంది, లేదంటే ప్యాడ్ (డిస్క్‌ని నొక్కి ఆపే దిమ్మ) మెటీరియల్ మచ్చలు మచ్చలుగా అంటుకుని ఉంటుంది. మేముండే ఒహాయోలో చలికాలం రోడ్లమీద ఉప్పు చల్లుతారు, దాంతో హబ్ (డిస్క్, చక్రం బిగించే మధ్య భాగం) మొత్తం తుప్పు పట్టేస్తుంది. మా 2009 సివిక్‌కి మొదటిసారి డిస్కులు మార్చినప్పుడు నేను ఆ తుప్పు తీయకుండానే కొత్తవి తొడిగేశా, కొన్ని నెలలకే మళ్ళీ అదే వణుకు, రెండోసారి డబ్బులు పెట్టాల్సొచ్చింది.

డిస్కులు రెండు వైపులా ఒకేసారి మార్చండి, ప్యాడ్స్ కూడా కొత్తవే వేయండి. చదునైన కాంక్రీట్ మీద బండి పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, వెనక చక్రాల దగ్గర అడ్డు పెట్టి, వీల్ నట్లు నేలమీద ఉండగానే 19 ఎంఎం సాకెట్‌తో కాస్త లూజ్ చేసుకుని అప్పుడు జాక్ ఎత్తండి. జాక్ స్టాండ్ లేకుండా మాత్రం చక్రం ఊడదీయొద్దు, జాక్ ఒక్కదాన్నీ నమ్ముకుని బండి దగ్గర కూర్చోవద్దు ప్లీజ్.

క్యాలిపర్ (ప్యాడ్స్‌ని డిస్క్ మీదకి నొక్కే భాగం) వెనక ఉన్న చిన్న బోల్టులు తీసి, క్యాలిపర్‌ని వైరుతో సస్పెన్షన్ స్ప్రింగ్‌కి కట్టేయండి, బ్రేక్ గొట్టానికి వేలాడదీస్తే లోపల దెబ్బతింటుంది. తర్వాత క్యాలిపర్ కూర్చునే బ్రాకెట్‌కి రెండు 17 ఎంఎం సైజు బోల్టులుంటాయి, ఇవి గట్టిగా ఉంటాయి, పొడుగాటి రాడ్ కావాలి.

ఇక హోండాల్లో అందరినీ ఏడిపించేవి డిస్క్‌ని హబ్‌కి పట్టుకుని ఉండే రెండు స్క్రూలు. మామూలు స్క్రూడ్రైవర్‌తో తిప్పితే తల అరిగిపోతుంది, ఇక రాదు. సుత్తితో కొట్టే ఇంపాక్ట్ డ్రైవర్ కొనుక్కోండి, ఒక్కోదానికి నాలుగు దెబ్బలు వేస్తే కదులుతుంది. తల అరిగిపోతే డ్రిల్‌తో తల ఎగరగొట్టేయొచ్చు, నిజానికి బండి నడిచేటప్పుడు డిస్క్‌ని బిగించి పట్టుకునేవి వీల్ నట్లే. స్క్రూలు వచ్చేశాక కూడా డిస్క్ ఊడకపోతే దానిమీద ఇంకో రెండు థ్రెడ్ ఉన్న రంధ్రాలు కనిపిస్తాయి చూడండి, వాటిలో 8 ఎంఎం బోల్టులు పెట్టి ఒకదాని తర్వాత ఒకటి కొద్దికొద్దిగా బిగిస్తే డిస్క్ తనే బయటికొస్తుంది.

ఇక్కడ తొందరపడొద్దు. వైర్ బ్రష్, శాండ్ పేపర్ తీసుకుని హబ్ ముఖం అంతా, ముఖ్యంగా వీల్ నట్లు ఎక్కే స్టడ్‌ల మొదళ్ళ చుట్టూ, మెరిసే లోహం కనిపించేదాకా రుద్దండి. కొంచెం తుప్పు పొర మిగిలినా డిస్క్ అంచు దగ్గర అంతకంటే ఎక్కువే పక్కకి ఒరిగి తిరుగుతుంది, తిరిగిన ప్రతిసారీ ప్యాడ్‌కి ఒకే చోట రాసుకుని అక్కడే అరుగుతుంది, అదే ముదిరి వణుకు అవుతుంది. నేను ఒక్కో వైపు దీనికే పావుగంట పెడతాను. కొత్త డిస్క్ మీద నూనె పూత ఉంటుంది, బ్రేక్ క్లీనర్‌తో రెండు వైపులా తుడిచాకే పెట్టండి.

కొత్త ప్యాడ్స్ పట్టేలా క్యాలిపర్‌లోని పిస్టన్ లోపలికి నెట్టడానికి పాత ప్యాడ్ అడ్డం పెట్టి సీ-క్లాంప్‌తో మెల్లగా బిగించండి, బానెట్ కింద బ్రేక్ ఫ్లూయిడ్ డబ్బా పొంగకుండా ఓ కన్నేసి ఉంచండి, అది పెయింట్ మీద పడితే పెయింట్ లేచిపోతుంది. క్యాలిపర్ జరిగే స్లైడ్ పిన్నులకి సిలికాన్ గ్రీజు రాయండి, ప్యాడ్ ముఖానికి మాత్రం అంటనివ్వకండి.

బిగించేటప్పుడు టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపించే రెంచ్) వాడండి. మా బండికి బ్రాకెట్ బోల్టులు 108 న్యూటన్ మీటర్లు, వీల్ నట్లూ అంతే, మీ మోడల్‌కి మాన్యువల్ చూసుకోండి. నట్లు వరసగా కాకుండా ఎదురెదురుగా, నక్షత్రం ఆకారంలో, రెండు మూడు విడతలుగా బిగించాలి. ఇంపాక్ట్ గన్‌తో ఒకటి ఎక్కువ ఒకటి తక్కువ బిగిస్తే అంతసేపు రుద్దిందంతా వృథా.

బండి కదిపే ముందు పెడల్ గట్టిపడేదాకా పంప్ చేయాలి, ఇది మర్చిపోతే మొదటిసారి నొక్కినప్పుడు పెడల్ నేలకి అంటుతుంది, బండి ఆగదు. తర్వాత కొత్త ప్యాడ్స్ డిస్క్‌కి సర్దుకోవడానికి ఖాళీ రోడ్డు మీద 50 కిలోమీటర్ల స్పీడ్ నుంచి 10 దాకా ఓ మోస్తరుగా తగ్గించుకుంటూ ఎనిమిది పదిసార్లు చేయండి, పూర్తిగా ఆపేయొద్దు, వేడి ప్యాడ్ ఒకేచోట అతుక్కుని మచ్చ పడుతుంది. కొంచెం వాసన వస్తుంది, కంగారుపడకండి, బ్రేక్ నొక్కకుండా ఓ పది నిమిషాలు నడిపితే చల్లారిపోతాయి. ఓ 80 కిలోమీటర్లు తిరిగాక వీల్ నట్లు మళ్ళీ ఒకసారి టార్క్ చెక్ చేయండి.