చేతకాని రోజుల్లో ప్రార్థన ఎట్టా చేయాలి

నా చెరువు దెబ్బతిన్న వారం, ఆదివారం నాడు నేను మందిరానికి వెళ్లి, "ఎట్టా ఉన్నావు బ్రదర్" అని అడిగిన ప్రతివాళ్లకీ "దేవుని కృప, బాగున్నాను" అని చెప్పి వచ్చాను. కొత్తపట్నం వైపు లీజుకు తీసుకున్న రొయ్యల చెరువు అది. నలభయ్యో రోజున, మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే పైకి తీస్తే తెల్లమచ్చల రొయ్యలు కనిపించాయి, తర్వాత రెండు రోజులకే గట్టు పొడవునా చచ్చినవి తేలాయి. మేతకి బాకీ, డీజిల్‌కి బాకీ, లీజుకి బాకీ. ఆ మధ్యాహ్నం ఇంట్లో అన్నం కలుపుకున్నాను గానీ ముద్ద దిగలేదు.

అందుకని ముందు ఆ "బాగున్నాను" మానేయండి, కనీసం దేవుని దగ్గరైనా. మనం కళ్లు మూసుకోగానే "మహోన్నతుడవైన తండ్రీ" అని ఒక పెద్ద భాష వచ్చేస్తుంది, అందులో మేత డీలరు బాకీ సంగతి చెప్పాలంటే చోటే ఉండదు. ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడండి. "ప్రభువా, గురువారం డీలరు వస్తాడు, నా దగ్గర డబ్బుల్లేవు, భయంగా ఉంది" అంటే అది ప్రార్థనే. దావీదు పదమూడో కీర్తనలో ఇంకా ఎంతకాలం, ఎంతకాలం అని దేవుణ్ణే నిలదీస్తాడు. ఎనభై ఎనిమిదో కీర్తనైతే చివర ఒక్క స్తుతి మాట కూడా లేకుండా చీకట్లోనే ఆగిపోతుంది, అయినా దాన్ని బైబిల్లోంచి ఎవరూ తీసేయలేదు. మాటలే రాకపోతే ఊరికే కూర్చోండి, మాటల్లో పెట్టలేని మూలుగులతో ఆత్మే మన తరఫున విజ్ఞాపన చేస్తాడని రోమా 8:26 చెబుతోంది.

రెండోది తిండి, నిద్ర. ఇదేం ఆత్మీయం అనుకోకండి. నేను నెలరోజులు రాత్రుళ్లు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగిపోతాయేమోనని గట్టు మీదే కాపలా ఉన్నాను, కరెంటు పోతే జనరేటర్ వేయడం, తెల్లారితే మేత చల్లడం, ఆ ఒంటితో విశ్వాసం గురించి ఏం ఆలోచిస్తాం? ఏలీయా ప్రవక్త కూడా అంతే. కర్మెలు కొండ మీద బయలు ప్రవక్తల ఎదుట అంత గెలిచినవాడు, కొద్ది రోజులకే ఒక చెట్టు కింద కూలబడి నా ప్రాణం తీసుకో అన్నాడు (మొదటి రాజులు 19). దేవదూత వచ్చి వాక్యం చెప్పలేదు, కోప్పడలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు పెట్టి లేచి తినమన్నాడు, తిని మళ్లీ పడుకుంటే పడుకోనిచ్చాడు, రెండోసారి లేపి మళ్లీ తినమన్నాడు. ఉపవాస ప్రార్థన మంచిదే, కానీ వారం నుంచి సరిగా తినని మనిషికి ముందు కావాల్సింది అన్నం. ఏలీయాకి వచ్చిన ఆలోచనే మీకూ వస్తుంటే మాత్రం ఒంటరిగా ఉండకండి, ఆ రాత్రే ఇంట్లోవాళ్లకి చెప్పండి, 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్ నంబరు, డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడతారు. డాక్టరు దగ్గరికి వెళ్లడం అవిశ్వాసం కాదు.

వాక్యం సంగతి. రోజుకి పది అధ్యాయాలు పెట్టుకోకండి, ఒక్క వచనం చాలు. నేను రెండో కొరింథీ 12:9 పట్టుకున్నాను, "నా కృప నీకు చాలును." చిన్నప్పటి నుంచి కంఠతా వచ్చిన వచనమే గానీ దాని ముందు వచనం ఎప్పుడూ సరిగా చూడలేదు. ముల్లులా గుచ్చుతున్న బాధ తీసేయమని పౌలు మూడుసార్లు అడిగాడు. దేవుడు తీయలేదు! చాలును అన్నాడంతే. అరణ్యంలో మన్నా కూడా ఏ రోజుది ఆ రోజే, దాచుకుంటే పురుగు పట్టింది. అందుకే నేను మొత్తం బాకీకి బలం అడగడం మానేసి, పొద్దున్నే ఒక్క పనికి అడగడం మొదలుపెట్టాను. మొదటి రోజు అడిగింది డీలరు ఫోన్ ఎత్తే ధైర్యం. ఎత్తాను, తిట్టాడు, బాగానే తిట్టాడు, చివరికి వాయిదాల మీద కట్టడానికి ఒప్పుకున్నాడు.

ఇక మనుషులు. యుద్ధంలో తనవాళ్ల గెలుపు కోసం ఎత్తిపట్టిన మోషే చేతులు బరువెక్కితే అహరోను, హూరు చెరో వైపు పట్టుకున్నారు. ఇద్దరే. వాట్సాప్ గ్రూపులో పెడితే చేతులు జోడించిన బొమ్మలు నలభై వస్తాయి, మీకు కావాల్సింది ఇంటికొచ్చే ఇద్దరు. మా సంఘంలో ఒక పెద్దమ్మ ఉంది, పప్పుచారు క్యారేజీ పట్టుకొచ్చి "ఎట్టా ఉండావు నాయనా" అని పక్కన కూర్చునేది, ప్రార్థన రెండు నిమిషాలు కూడా చేసేది కాదు. "ఏదో పాపం ఉంటుందిలే, అందుకే ఇట్టా అయింది" అనేవాళ్లకి మాత్రం దూరంగా ఉండండి. యోబు స్నేహితులూ అదే అన్నారు, దేవుడు కోప్పడింది వాళ్ల మీద.

మన ఒంగోలు ప్రార్థన కొండ కథ తెలిసిందే కదా. నెల్లూరులో 1840లో మొదలైన బాప్టిస్టు మిషన్‌లో ఏళ్లు గడిచినా నమ్మినవాళ్లు కొద్దిమందే, 1853లో మూసేద్దామా అన్నదాకా వచ్చింది. 1854 జనవరి 1న తెల్లవారుజామున మిషనరీలు జూయెట్ దంపతులు, కొద్దిమంది తెలుగు విశ్వాసులు ఆ కొండెక్కి ఒంగోలుకి ఒక మనిషిని పంపమని అడిగారు. ఆ మనిషి, మిషనరీ క్లౌ దొరగారు, ఒంగోలు వచ్చింది 1866లో. ప్రసంగాల్లో అందరూ 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే బాప్తిస్మం తీసుకున్న 2,222 మంది దగ్గరికి దూకేస్తారు. నాకైతే కొండ మీద అడిగాక క్లౌ దొరగారు వచ్చేదాకా గడిచిన ఆ పన్నెండేళ్లే కావాలి. అప్పుడు వాళ్లు సాక్ష్యం చెప్పాల్సి వస్తే ఏం చెప్పేవాళ్లు?

మనం గెలిచాకే సాక్ష్యం చెబుతాం, ఉద్యోగం వచ్చాక, జబ్బు తగ్గాక. వీలైతే మధ్యలోనే చెప్పండి. నెల తర్వాత నేను మందిరంలో లేచి "చెరువు పోయింది, బాకీ ఉంది, భయంగా ఉంది, ప్రార్థించండి" అని కూర్చున్నాను. గొంతు వణికింది. కూడిక అయ్యాక చెప్పుల దగ్గర ఒకాయన నా చెయ్యి పట్టుకొని, తన చెరువు కూడా కిందటేడే పోయిందని, ఇంట్లో తప్ప ఎవరికీ చెప్పలేదని అన్నాడు.

ఇంకా మూడు వాయిదాలున్నాయి. పదో తేదీ దగ్గరికొచ్చింది, ఈసారి మొత్తం సర్దలేను, రేపు పొద్దున ఆ సంగతే డీలరుకి ఫోన్ చేసి చెప్పాలి.