కడియం తూజా మీద ఆమ్ల వాన పరీక్ష: కాలువ నీళ్లు మాత్రం వాడొద్దు

సరుగుడును చూసి పైన్ అనుకునేవాళ్లు ఉన్నారు, కానీ అది శంకువులు కాసే కుటుంబం కాదు. ఆమ్ల వాన ఆ కుటుంబాన్ని ఎలా కుంగదీస్తుందో గోదావరి డెల్టాలోనే చూడాలంటే కడియం నర్సరీల్లో దొరికే, ఆ కుటుంబానికే చెందిన జానెడు తూజా మొక్కలు 24 తెచ్చుకోండి. డిసెంబరులో మొదలుపెడితే వానల బెడద తక్కువ.

సగం మొక్కలు లంక ఒండ్రులో, సగం ఒక పాలు ఎర్రమట్టి, మూడు పాళ్లు కడిగిన గోదావరి ఇసుక కలిపిన దాంట్లో నాటండి. సముద్రపు ఇసుక తేవద్దు. అందులోని గవ్వల సున్నం ఆమ్లాన్ని విరిచేస్తుంది.

నీళ్లు మూడు రకాలు: ఉత్త డిస్టిల్డ్ నీళ్లు, పీహెచ్ 4, పీహెచ్ 2.5 (పీహెచ్ అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువని అర్థం). కాలేజీ ల్యాబ్‌లోని 0.1 నార్మల్ (గాఢత కొలమానం) సల్ఫ్యూరిక్ ఆమ్లం లీటరు డిస్టిల్డ్ నీళ్లకు 1 మి.లీ. కలిపితే 4 వస్తుంది. 2.5కి సుమారు 32–35 మి.లీ. పడుతుంది, పీహెచ్ మీటరు చూస్తూ కలపండి. చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి. ఆమ్లాన్నే నీళ్లలో పోయాలి. కాలువ నీళ్లలో పోస్తే అందులోని బైకార్బనేటు ఆ ఒక్క మిల్లీలీటరునూ మింగేస్తుంది, మీటరు ముల్లు కదలదు. మామూలు వాన పీహెచ్ సుమారు 5.6. 2.5 మామూలుగా వానలో ఉండేది కాదు, ఏళ్ల పని వారాల్లో చూడటానికి పెట్టుకున్నది.

వారానికి రెండుసార్లు, పొద్దున్నే, మొక్కకు 100 మి.లీ. మొదలు దగ్గర పోసి, 25 మి.లీ. ఆకుల మీద చల్లండి. మిట్టమధ్యాహ్నం చల్లితే ఎండకు మాడిన మచ్చను ఆమ్లం మచ్చ అనుకుంటారు. మధ్యలో మట్టి ఎండితే అన్నిటికీ సమానంగా డిస్టిల్డ్ నీళ్లే. ఇలా 12 వారాలు.

వారానికోసారి కొత్త చిగురు పొడవు, కుండీ అడుగు నుంచి కారిన నీటి పీహెచ్ రాసుకోండి. ఎర్రమట్టి నీటి పీహెచ్ 5 కన్నా దిగితే మట్టిలోని అల్యూమినియం కరగడం మొదలవుతుంది. అది వేరు కొసను దెబ్బకొట్టి, కాల్షియం, మెగ్నీషియం అందకుండా చేస్తుంది. చివర్లో ఒక మొక్క పెకలించి వేళ్లు కడిగి చూడండి: బాగున్నవి తెల్లగా సన్నగా సాగుతాయి, దెబ్బతిన్నవి పొట్టిగా, లావుగా, గోధుమ రంగులో మొద్దుబారి ఉంటాయి. ఒండ్రు కుండీల్లో తేడా కనిపించకపోవచ్చు, అక్కడ మట్టే కాపు కాస్తోంది. పీహెచ్ 4 కుండీల్లోనూ 12 వారాలకు ఏమీ తేలకపోతే కంగారుపడొద్దు, యూరప్ అడవుల్లో ఆ దెబ్బ దశాబ్దాల మీద పేరుకున్నది. చలి దేశాల్లో పెరిగే శంకువుల చెట్టు ఎర్ర స్ప్రూస్‌లోనైతే ఆమ్లం ఆకుల్లోని కాల్షియాన్ని కడిగేసి చలికి తట్టుకోలేకుండా చేస్తుంది. గడ్డకట్టే చలి లేని డెల్టాలో ఆ భాగం కనపడదు.

పసుపు ఎక్కడ మొదలైందో చూడందే ఆమ్లం పేరు ఎత్తొద్దు. పాత ఆకులు ముందు పసుపెక్కితే మెగ్నీషియం లోటు, ఆమ్లం వల్ల కావచ్చు. కొత్త చిగుళ్లు పాలిపోతే ఇనుము లోటు, డెల్టాలో ఎక్కువగా క్షార గుణమున్న నీళ్లతో వచ్చేది ఇదే. దానికి డోలమైట్ (మెగ్నీషియం ఉన్న సున్నపురాయి పొడి) వేస్తే ఇంకా పాడవుతుంది. డోలమైట్ అవసరం పడేది ఆమ్లం తిన్న ఎర్రమట్టికే.